పక్కసీటు బ్రేకు

మా అమ్మాయి మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గానీ, ముందు గోడ సంగతి చెప్తాను. మా భోజనాల గదిలో ఖాళీగా ఉన్న గోడ అదొక్కటే. అక్కడ మంచి పటమొకటి పెట్టాలని ఇరవయ్యేళ్ళుగా అనుకుంటూ, ఏ పటమో తేలక, దాన్ని అపురూపంగా కాపాడుకుంటూ వచ్చాను. మొన్న శిక్షణ నుంచి వస్తూ అమ్మాయి చంకలో ఒక కాగితపు చుట్ట పెట్టుకొచ్చి, నన్ను మాటవరసకైనా అడక్కుండా, ఆ గోడ నిండా విమానం ముందుగది అంటించేసింది. తెరలు, ముళ్ళు, గుండీలు, మీటలు, అన్నీ అసలు కొలతల్లో. పైలట్ల నెత్తిమీద ఉండే స్విచ్చుల పలకని సీలింగుకి అంటించాలని నిచ్చెన కూడా అడిగింది. ఇంట్లో నిచ్చెన లేదని అబద్ధమాడి సీలింగు దక్కించుకున్నాను.

పోనీ అంటించి ఊరుకుందా అంటే అదీ లేదు. పొద్దున్నే గోడకెదురుగా కుర్చీ వేసుకుని కాగితం మీద గుండీలు నొక్కుతుంది. గాల్లో లేని మీటని పట్టుకుని వెనక్కి లాగుతుంది. గోడని ప్రశ్నలడుగుతుంది. గోడ తరఫున జవాబులు కూడా తనే చెప్పుకుంటుంది. చక్కెర కోసం వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే ఆగిపోయి, కాసేపు చూసి, గొంతు తగ్గించి, "ఎప్పట్నుంచి ఇలా?" అంది.

"ఉద్యోగం వచ్చినప్పట్నుంచి," అన్నాను.

పాపం, చక్కెర మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఉద్యోగం వచ్చిందన్నాను గానీ, సగమే వచ్చింది. చిన్న విమానాలు నడిపే లైసెన్సు అమ్మాయికి రెండేళ్ళ కిందటే ఉంది. ఇప్పుడొక విమాన సంస్థ తీసుకుని పెద్ద విమానం నేర్పిస్తోంది. నేర్పేది ఆకాశంలో కాదు, సిమ్యులేటర్‌లో. ఉక్కు కాళ్ళ మీద నిలబడి అటూ ఇటూ ఊగే పెద్ద డబ్బా అది. లోపల కూర్చుంటే నిజంగా ఎగురుతున్నట్టే ఉంటుందట. ఆ డబ్బాలో చివరి పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం నిలుస్తుంది. మా అమ్మాయి ఆ పరీక్ష ఒకసారి తప్పింది. రెండో అవకాశానికి పన్నెండు రోజుల గడువిచ్చి ఇంటికి పంపారు. మూడోది లేదు.

తప్పి వచ్చిన రోజున భోజనాల దగ్గర తండ్రి పంచాయితీ పెట్టారు.

"విమానం దించావా లేదా?"

"దించాను నాన్నా. సరిగ్గా గీత మీద దించాను. లోపల జనం ఉంటే చప్పట్లు కొట్టేవాళ్ళు."

"మరెందుకు ఫెయిల్ చేశారు?"

"వెయ్యి అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు వేగం కాస్త ఎక్కువుంది. పక్కసీటు కెప్టెన్ 'గో అరౌండ్' అన్నాడు. అంటే, దిగకు, మళ్ళీ పైకి లేపి చుట్టూ తిరిగొచ్చి మొదట్నుంచి మొదలెట్టు అని."

"నువ్వేమన్నావు?"

"సర్దుకుంటుంది సార్ అన్నా."

"సర్దుకుందా?"

"సర్దుకుంది."

"ఇంకేం మరి? వాళ్ళకి దిగడం కావాలా, తిరగడం కావాలా?"

మా అత్తగారు పెరుగు గిన్నె దగ్గరికి జరుపుకుంటూ, "టిక్కెట్టు కొనేది దిగడానికే కదరా," అని కొడుకుని బలపరిచారు.

పరీక్ష పెట్టినాయన మాత్రం కాగితం మీద ఒకే వాక్యం రాసిచ్చాడు. 'పక్కవారు హెచ్చరించినా వినలేదు.' విమానంలో ఉన్న ఇద్దరు పైలట్లలో ఎవరి నోట గో అరౌండ్ అన్న మాట వచ్చినా రెండోవాళ్ళు వాదించకూడదట. ముందు పైకి లేపాలి, వాదన తర్వాత. ఈ నియమం పెట్టినవాళ్ళెవరో గానీ తప్పకుండా సంసారం చేసినవాళ్ళే అయ్యుంటారు.

మా ఆయనకి డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే ఒక కారు, ఒక మేష్టారు. కారుకి మామూలుగా ఉండే బ్రేకు కాక, మేష్టారు కూర్చునే పక్కసీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ కారుని దేనికీ గుద్దలేదు. ఊళ్ళో సగం మంది ఆయన శిష్యులే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మా అమ్మాయి కూడా అక్కడే, ఆ కారులోనే, మూడు వారాల్లో నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు. మొగుడి దగ్గర కారూ, అత్తగారి దగ్గర వంటా నేర్చుకోవద్దని మా అమ్మ చెప్పి పంపింది. వంట విషయంలో ఆ మాట దాటి ఇప్పటికీ అనుభవిస్తున్నాను.

రెండో పరీక్షకి సాధన చెయ్యాలంటే పక్కసీటులో ఒకరు కావాలి. తండ్రి మొదటి పూటే ఆ ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఏ ఎత్తులో ఏం చూపించినా "దించెయ్ దించెయ్, ఏం కాదు," అంటారాయన. అత్తగారు తను ప్రయాణికురాలినే తప్ప పని చెయ్యనన్నారు. అలా కెప్టెన్ కుర్చీ నాకు దక్కింది. ఎడమవైపు నేను, కుడివైపు అమ్మాయి, ఎదురుగా నా గోడ.

నా పని తేలికే. అమ్మాయి ఇరవై చీటీలు రాసి డబ్బాలో వేసింది. ఒక్కో చీటీలో వెయ్యి అడుగుల దగ్గర విమానం పరిస్థితి ఉంటుంది. వేగం ఎంత, చక్రాలు దిగాయా లేదా, అలాంటివి. కొన్నింట్లో అన్నీ సరిగ్గా ఉంటాయి, కొన్నింట్లో ఏదో ఒకటి తప్పు. నేను చీటీ తీసి చదవాలి. తప్పుంటే గో అరౌండ్ అనాలి. అప్పుడు అమ్మాయి లేని మీటని ముందుకు తోసి విమానాన్ని పైకి లేపాలి.

"వెయ్యి అడుగులు," అన్నాను మొదటి చీటీ విప్పి, వీలైనంత కెప్టెన్ గొంతుతో. "వేగం ఎక్కువ. గో అరౌండ్."

"చూశాను కెప్టెన్. తగ్గుతోంది."

"గో అరౌండ్ అన్నాను."

"ఒక్క క్షణం. సర్దుకుంటుంది."

"చీటీ మీద రాసిన వేగం ఎలా సర్దుకుంటుందే?"

"అబ్బా, అమ్మా. నిజంగా అయితే సర్దుకుంటుంది."

"నిజంగా అయితే నిన్ను ఇంటికి పంపారు."

తను మూతి ముడుచుకుని, వెనక బల్ల దగ్గర కూర్చున్న తండ్రి వైపు చూసింది. ఆయన పేపరు మడిచి, "దిగిందిగా," అన్నారు. నేను అరిచి గీపెట్టినా, మెల్లగా చెప్పినా, గరిటె పట్టుకుని చెప్పినా తీరు మారలేదు. చక్రాలు దిగని విమానం దిగింది. దారి తప్పిన విమానం దిగింది. వారం రోజుల్లో మా భోజనాల గదిలో దిగని విమానమంటూ లేదు.

తెలివితక్కువ పిల్లయితే సరిపెట్టుకునేదాన్ని. రూల్సు పుస్తకమంతా తనకి కంఠోపాఠం. అర్థం లేని మొండితనం చేసే పిల్ల కూడా కాదు. ఏడో రోజున చీటీల డబ్బా మూసి అడిగాను.

"సర్దుకుంటుంది, సర్దుకుంటుంది అంటావు. ఏ ధైర్యంతో?"

అమ్మాయి నిజంగానే ఆలోచించింది. "నాకెప్పుడూ సర్దుకుంటుందమ్మా. గొప్ప కోసం అనట్లేదు. కారు నేర్చుకున్నప్పుడు చూడలేదూ? అయిపోయింది, తగిలేస్తుంది అనుకుంటా. కాలు అలా పెడతానో లేదో, కారు ఆగిపోయేది. మూడు వారాల్లో ఒక్క గీత పడలేదు. కావాలంటే నాన్ననడుగు."

నాన్ననడుగుదామని తల తిప్పాను. ఆయన ఖాళీ గ్లాసులోంచి రెండు గుక్కలు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, పని ఉందని లేచి వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున, వేరే పనేమీ లేనట్టు, "ఏమండీ, నాకూ కారు నేర్పండి," అన్నాను.

ఆయన నన్నూ గోడనీ మార్చి మార్చి చూశారు. "ఇప్పుడా? ఈ వయసులోనా?"

"కెప్టెన్‌ని. కారు రాదంటే పరువు తక్కువ."

తమాషా చూడ్డానికి అమ్మాయి వెనకసీటులో ఎక్కింది. నా పథకమల్లా ఒక్కటే. ఆయన ఎలా నేర్పుతారో, ముఖ్యంగా ఆయన కాళ్ళు ఏం చేస్తాయో, కంటితో చూడాలి. చూద్దునే. కానీ స్టీరింగు చేతికిచ్చి, క్లచ్చు వదిలి, కారు కదిలిన మరుక్షణం నేను ఆయన కాళ్ళనే కాదు, ఆయన్నే మర్చిపోయాను.

ఏం నడిపానో చెప్పలేను. సందు చివర చెత్తకుండీకి జానెడు దూరంలో ఆపాను. రోడ్డు మధ్యలో పడుకున్న కుక్కకి నిద్రాభంగం కాకుండా ఆపాను. నిలబెట్టిన స్కూటరు దగ్గర ఆపాను. వెనక గుడ్ల అట్టలు కట్టుకుని ఎదురొచ్చిన సైకిలాయన కళ్ళు మూసుకున్నాడు గానీ, నేను నిబ్బరంగా కాలు పెట్టాను, కారు ముద్దుగా ఆగింది. ఒక్క గుడ్డు పగల్లేదు.

"చూశారా," అన్నాను. "దీనికా మీరు మూడు వారాలు తీసుకునేది?"

"నీది పుట్టుకతో వచ్చిన చెయ్యి," అన్నారాయన.

వెనక నుంచి అమ్మాయి ముందుకు వంగింది. "నాన్నా, నీ కాలేం చేస్తోంది?"

"ఏ కాలు?"

"నీకు ఎన్నున్నాయి? ఆ కాలే. గుడ్ల దగ్గర తొక్కింది. కుక్క దగ్గర తొక్కింది. నాలుగుసార్లూ అమ్మ కంటే ముందు నువ్వే తొక్కావు. రెండుసార్లు అమ్మ కాలు యాక్సిలరేటరు మీదే ఉంది."

ఆయన గుట్టు బయటపెడదామని కారెక్కినదాన్ని నేను. పుట్టుకతో వచ్చిన చెయ్యి అనగానే పొంగిపోయినదాన్నీ నేనే. కాబట్టి అద్దాన్ని సర్దడం మొదలుపెట్టాను.

"అందరికీ అలాగే తొక్కుతాను," అన్నారాయన, కిటికీలోంచి సైకిలాయన వెళ్ళినవైపు చూస్తూ. "మెత్తగా, వాళ్ళకి తెలీకుండా. అదొక పద్ధతి. నువ్వు తప్పు చేశావని మొదటి రోజే చెప్తే చేతులు వణుకుతాయి. వణికే చేతులకి కారు రాదు. తనే ఆపాననుకుంటే ధైర్యం వస్తుంది. ధైర్యం వచ్చాక కారు అదే వస్తుంది."

"నాక్కూడా తొక్కావా?"

"ఎప్పుడైనా."

"ఎన్నిసార్లు?"

"అవన్నీ ఎవరికి గుర్తుంటాయి."

"సర్దుకుందని నేననుకున్నదంతా నువ్వే సర్దావా?"

వెనక లారీవాడు హారన్ మోగించాడు. "ముందు క్లచ్చు తొక్కు," అన్నారాయన నాతో. "నిజంగా తొక్కు."

ఇంటికి తండ్రే నడిపారు.

మర్నాటి నుంచి సాధన తిరగబడింది. చీటీ విప్పి వేగం ఎక్కువ అంటే గో అరౌండ్. బాగుంది. చక్రాలు దిగలేదంటే గో అరౌండ్. ఇంకా బాగుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయంటే కూడా గో అరౌండ్.

"అన్నీ బావున్నాయే. నేనేం అన్లేదు కదా."

"బావున్నాయని నాకెలా తెలుస్తుంది?"

"చీటీలో ఉంది. నీ చేత్తో నువ్వే రాశావు."

"నేను రాసింది కదా, అందుకే."

ఆ పూట మా విమానం పదకొండు చుట్లు తిరిగింది. చివరికి ప్రయాణికురాలికి ఓపిక నశించింది. "ఎన్ని చుట్లే? దిగితే మందులేసుకుంటాను," అన్నారు అత్తగారు.

 అనకుండా అనడంలో మా ఆయనది అందెవేసిన చెయ్యి. మూడో రోజున మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఇదుగో, ఇలా అవుతుందనే చెప్పకుండా ఉన్నది," అన్నారు. "నీకు తెలుసుకోవాలని దురద. ఇప్పుడు పిల్ల చేతులు చూశావా?"

చూశాను. లేని మీటని పట్టుకునేటప్పుడు కూడా వణుకుతున్నాయి. పరీక్షకి ఇంకా రెండు రోజులే ఉంది. మొండితనంతో ఒక్క పరీక్షే తప్పింది, ఈ బెదురుతో ఇక సీటులోనే కూర్చోలేదేమో అనిపించింది.  తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

పరీక్ష రోజున ముగ్గురం ఆ కారులోనే వెళ్ళాం. శిక్షణ కేంద్రం ముందు కారు ఆపాక పది నిమిషాలైనా అమ్మాయి వెనకసీటులోంచి కదల్లేదు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో పుస్తకాల సంచీ. సంచీ జిప్పు తీస్తోంది, వేస్తోంది.

"నాన్నా, నిజం చెప్పు. నాకు ఏదైనా వచ్చా? ఏది నా కాలో, ఏది నీ కాలో తెలీకపోతే, లోపలికెళ్ళి ఏం నడపను?"

నేను నోరు తెరిచేలోగా ఆయన ముందు అద్దంలోకి చూస్తూ మొదలుపెట్టారు. బుజ్జగించినట్టు కాదు, రైళ్ళ వేళలు చెప్పినట్టు.

"మొదటి వారం పందొమ్మిది."

"ఏంటి?"

"నేను తొక్కినవి. మొదటి వారం పందొమ్మిది. రెండో వారం ఏడు. మూడో వారం ఒకటి. అది బడి దగ్గర, పిల్లాడి బంతి రోడ్డు మీదికొచ్చినప్పుడు. నేను తొక్కేసరికి నీ బ్రేకు అప్పటికే పడింది. ఆ తర్వాత నాలుగు రోజులు నువ్వు కారు తిప్పావు. చెప్పులిప్పి సీటు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నా. కావాలంటే మీ అమ్మనడుగు, చెప్పులు కార్లో వదిలేసి ఇంట్లోకి ఒట్టి కాళ్ళతో వచ్చానని తిట్టింది."

తిట్టాను. ఎందుకలా వచ్చారో ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

"పందొమ్మిదా," అంది అమ్మాయి.

"పందొమ్మిది తక్కువే. మీ అమ్మకి అరగంటలో నాలుగు."

"మధ్యలో నన్నెందుకు లాగుతారు," అన్నాను. అమ్మాయి అప్పటికి దిగి తలుపు వేసేసింది. వేసి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

పరీక్ష నాలుగు గంటలు. ముందుగదిలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల వెనక రిజిస్టరు రాసుకునే ఆవిడ, కాగితపు కప్పుల్లో కాఫీ పోసే మిషను. మా ఆయన ఐదు కప్పులు తాగారు. కూర్చున్నంతసేపూ ఆయన కాలు నేలని నొక్కుతూనే ఉంది. ఆవిడ రెండుసార్లు తలెత్తి చూసింది. నేను ఆయన మోకాలి మీద నా చేతిసంచీ పెట్టాను. సంచీతో సహా నొక్కారు.

ముందు బయటికొచ్చింది మీసాల కెప్టెన్. మొదటి పరీక్షలో అమ్మాయి వినకపోయింది ఈయన మాటే. నేరుగా నా దగ్గరికొచ్చి, "ఇంట్లో నా కుర్చీలో కూర్చున్నది మీరేనా అండీ?" అన్నాడు.

"నేనే. మీ అంత మీసం లేదు గానీ."

"అమ్మాయి వస్తోంది. తనే చెప్తుంది," అని నవ్వు మీసాల్లో దాచుకుని వెళ్ళిపోయాడు.

అమ్మాయి వచ్చింది. చొక్కా వీపంతా తడిసి ఉంది. మా ఎదురుగా నిలబడి, "పాస్," అంది, అంతే. కుర్చీలో కూలబడింది. నేను నీళ్ళ సీసా ఇచ్చాను. సగం తాగాక మాట వచ్చింది.

"మొదటిసారి దిగుతుంటే ఎగ్జామినర్ గారు వెనక నుంచి గాలి తోయించారు. వేగం తగ్గదే. వెయ్యి అడుగుల దగ్గర కెప్టెన్ గో అరౌండ్ అన్నారు. నా నోట్లో 'సర్దు' దాకా వచ్చిందమ్మా. చెయ్యి మాత్రం అప్పటికే మీటని తోసేసింది. పైకెళ్ళి తిరిగొచ్చాం."

"రెండోసారి?" అన్నారు తండ్రి.

"రెండోసారి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెయ్యి అడుగుల దగ్గర కెప్టెన్ 'అంతా బావుంది' అన్నారు. దించేశాను."

"భయం వెయ్యలేదా? ఇంట్లో అన్నీ బావున్నా పదకొండు చుట్లు తిప్పావట కదా."

"వెయ్యలేదు నాన్నా. తప్పున్నప్పుడు మొహం మీద చెప్పిన మనిషి, ఇప్పుడు బావుందంటే నమ్మచ్చు కదా. చెప్పని మనిషైతే ఎలా నమ్మను?"

తండ్రిని అనాలని అన్న మాట కాదది. అప్పటికే సీసా మూత కోసం కుర్చీ కింద వెతుక్కుంటోంది. ఆయన మాత్రం చేతిలో కాగితపు కప్పుని రెండుగా, నాలుగుగా మడిచారు. ఇంక మడత పడనంతవరకూ మడిచారు. కాలు ఆగిపోయింది.

"చెప్పాల్సింది," అన్నారు.

"ఏంటి నాన్నా?"

"తొక్కిన ప్రతిసారీ, ఇదుగో తొక్కాను, ఇందుకు తొక్కాను అని నీకు చెప్పాల్సింది. మొన్న కారులో నువ్వు అడిగినప్పుడైనా చెప్పాల్సింది."  డ్రైవింగ్ మేష్టారి గొంతు కదా, మెల్లగా మాట్లాడదామనుకున్నా గదంతా వినిపిస్తుంది. బల్ల వెనకావిడ రాయడం ఆపింది.

"నీ ధైర్యం చెడుతుందని దాచానమ్మా. తప్పు నాదే."